ఎంతసేపు వెతికారు? వెలిగొండల కింద కప్పల, పాముల సర్వే నేర్చుకున్న అనుభవం

మా నెల్లూరు జిల్లాలో సేద్యం చేసే ఏ ఇంట్లో అడిగినా కప్పలు తగ్గిపోయాయనే చెబుతారు. నారుమళ్ల దగ్గర ఒకప్పుడు పక్కనున్న మనిషి మాట వినపడనంత గోల ఉండేదని మా మేనమామ ఇప్పటికీ అంటుంటాడు. ఆ మాట నేను నమ్ముతాను. కానీ జువాలజీ చదువుకున్నదాన్ని కాబట్టి నన్ను వదలని ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ఎంత తగ్గాయి? ఎప్పటితో పోలిస్తే? అన్ని కప్పలూ తగ్గాయా, కొన్నేనా? మా ఊరి చెరువు గురించి ఈ ప్రశ్నలకు జవాబు చెప్పగల కాగితం ఒక్కటీ నాకు దొరకలేదు.

జిల్లాకు ఈ విషయంలో పాత చరిత్ర లేకపోలేదు. 19వ శతాబ్దం మధ్యలో నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన టి.సి. జెర్డన్ పక్షులతో పాటు పాములు, తొండలు, కప్పలు కూడా చూశాడు. ద్వీపకల్ప భారతంలోని సరీసృపాల జాబితాను 1853లో అచ్చువేశాడు. చాలా విలువైన పని అది. అయితే అలాంటి జాబితా ఫలానా జీవి ఉందని మాత్రమే చెబుతుంది. ఎంతమంది, ఎన్ని గంటలు వెతికితే కనిపించిందో చెప్పదు. ఆ కాలంలో అలా రాసే అలవాటే లేదు. కాబట్టి ఇప్పుడు మనం వెళ్లి చూసినా, అప్పటికంటే ఎక్కువా తక్కువా అని తేల్చుకునే దారి లేదు.

ఉభయచరాలు, సరీసృపాల సర్వే పద్ధతుల మీద ఒక పరిశోధన బృందం మా జిల్లాలో క్షేత్ర శిక్షణ పెడుతోందని తెలిసి, ఈ కారణంతోనే పేరిచ్చాను. రాపూరు వైపు, పెంచలకోన కొండల దిగువన బస. అడవిలోకి వెళ్లే రోజుల్లో అటవీశాఖ అనుమతి, వాళ్ల సిబ్బంది తోడు. అక్కడ వెలిగొండల అడవి పెనుశిల నరసింహ అభయారణ్యం కిందికి వస్తుంది కాబట్టి అనుమతి లేకుండా అడుగు పెట్టడానికి లేదు. మిగతా రోజులు ఊరి చెరువులు, వరి మళ్లు, కంపచెట్ల బీళ్లు.

శిక్షణ అక్టోబరు చివర్లో మొదలైంది. కప్పల సర్వే అంటే జూన్, జులై అని చాలామంది అనుకుంటారు. పడమటి కనుమలకు అది సరిపోతుంది. మాకు నైరుతి రుతుపవనాలు ఇచ్చేది తక్కువ. అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, ఈశాన్య రుతుపవనాలతో, వాయుగుండాలతో వస్తుంది. చెరువులు నిండేదీ, నేలలో దాక్కున్న కప్పలు పైకొచ్చేదీ అప్పుడే. వేరే ప్రాంతం కోసం రాసిన నెలల పట్టిక పట్టుకుని జులైలో ఇక్కడికొచ్చి వెతికితే ఎండిన చెరువు మట్టి తప్ప ఏమీ దొరకదు. పైగా 'ఇక్కడ కప్పలు లేవు' అని రాసుకుపోయే ప్రమాదం కూడా ఉంది.

మొదటి రోజు బొమ్మలు చూపించి పేర్లు నేర్పుతారని అందరం ఎదురుచూశాం. శిక్షణ ఇచ్చిన మేడమ్ ఒక ఖాళీ డేటా షీటు చేతిలో పెట్టారు. తేదీ, వెతకడం మొదలుపెట్టిన సమయం, ఆపిన సమయం, వెతికినవాళ్లు ఎంతమంది, గాలిలో ఉష్ణోగ్రత, తేమ, చివరిసారి వాన ఎప్పుడు పడింది, చంద్రుడు ఉన్నాడా లేదా, జీపీఎస్ అంకెలు. జంతువు పేరు రాసే గడి ఇవన్నీ దాటాక ఎక్కడో మధ్యలో వస్తుంది. దాని పక్కన మళ్లీ గడులు: నేల మీదా, రాయి కిందా, కొమ్మ మీదా, నేల నుంచి ఎంత ఎత్తు, నీటికి ఎంత దూరం, కదులుతోందా, కూర్చుందా, అరుస్తోందా. ముగ్గురు రెండు గంటలు వెతికితే అది ఆరు మనిషి-గంటలు. ఆ ఆరు గంటల్లో ఎన్ని కనిపించాయన్నదే లెక్క. గంటలు రాయని జాబితాను ఆమె లెక్కలోకే తీసుకోలేదు.

రెండో పాఠం ప్రాణానికి సంబంధించింది. శిక్షణలో ఏ పామునూ ముట్టుకోకూడదు, విషం లేదని తెలిసినా సరే. మోకాలి దాకా బూట్లు, చేతిలో కర్ర, తలకు ఒక లైటు, చేతిలో ఇంకో టార్చి. కంటికి కనపడని చోట చెయ్యి పెట్టకూడదు. రాయి ఎత్తేటప్పుడు మనకు దూరంగా ఉన్న అంచును కర్రతోనో కొక్కెంతోనో మనవైపు లేపాలి. అప్పుడు రాయి మనకూ, కింద ఉన్నదానికీ మధ్య అడ్డుగా ఉంటుంది. చూశాక రాయిని ఎలా ఉన్నదాన్ని అలాగే, నెమ్మదిగా, అదే గుంటలో కూర్చోబెట్టాలి. ఆ రాయి కింది తేమ ఒక నలికిరి పాముకో, తేలుకో ఇల్లు. వెతికిన ప్రతిచోటా రాళ్లు తిరగేసి వదిలేస్తే వచ్చే ఏడాది అక్కడ చూడ్డానికి ఏమీ మిగలదు.

నాగుపాము, కట్లపాము, రక్తపింజర, రంపపు పొలుసుల చిన్న పింజర: మన దేశంలో దొరికే విషానికి విరుగుడు మందు ఈ నాలుగింటి కాట్లకు పనిచేసేలా తయారవుతుంది. ఈ నాలుగూ మా జిల్లాలో ఉన్నాయి. ఆ మందు నిల్వ ఉన్న దగ్గరి ఆసుపత్రి ఏది, రాత్రి వేళ బండి ఎవరు తోలతారు అన్నది ప్రతి సాయంత్రం బయల్దేరే ముందు ఒకరు పైకి చదివేవారు. కరిస్తే గట్టిగా తాడు కట్టకూడదు, కోయకూడదు, నోటితో పీల్చకూడదు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఊతకట్టు వేసి ఆసుపత్రికి తీసుకుపోవాలి. కట్లపాము కాటుకు ఒక్కోసారి నొప్పీ వాపూ ఉండవు, అందుకని ఏమీ కాలేదని నిద్రపోకూడదు. ఇది సర్వేకి వెళ్లేవాళ్లకే కాదు, రాత్రి మడికి నీళ్లు పెట్టడానికి వెళ్లే ప్రతి రైతుకీ తెలియాల్సిన సంగతి. శిక్షణ నుంచి వచ్చాక మా ఇంట్లో నేను మొదట చెప్పింది ఇదే.

కప్పల విషయంలో జాగ్రత్త మన కోసం కాదు, వాటి కోసం. కప్ప చర్మంతోనూ ఊపిరి పీల్చుకుంటుంది. మన చేతికున్న దోమల మందు, సబ్బు, ఉప్పు దాని ఒంట్లోకి దిగిపోతాయి. కొలవాల్సి వస్తే ఆ చెరువు నీళ్లతోనే చేతులు తడుపుకుని, ఒక్కో కప్పకు ఒక్కో కొత్త సంచి వాడి, ఐదు నిమిషాల్లో అదే చోట వదిలేయాలి. ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు వెళ్లే ముందు బూట్లకున్న బురదంతా రుద్ది కడిగి, బ్లీచింగ్ ద్రావణంలో ముంచి ఆరబెట్టాలి. చైట్రిడ్ అనే శిలీంధ్రం వల్ల ఆస్ట్రేలియాలో, మధ్య అమెరికాలో కప్ప జాతులు కొన్ని పూర్తిగా తుడిచిపెట్టుకుపోయాయి. దానికి శాస్త్రీయ నామం పెట్టింది 1999లో. కప్పలను కాపాడదామని ఊరూరూ తిరిగేవాళ్ల బూట్లే రోగాన్ని మోసుకుపోకూడదని ఈ ఏర్పాటు. రాత్రి పన్నెండు దాటాక, ఒళ్లంతా అలసిపోయినప్పుడు కూడా మేడమ్ ఈ పనిలో ఎవరినీ వదల్లేదు. అది నాకు చాలా నచ్చింది.

ఇక అసలు వెతకడం. ఇద్దరిద్దరుగా, వాగు వెంబడి, గంటసేపు, నెమ్మదిగా. ఒకరు కుడిగట్టు, ఒకరు ఎడమగట్టు. నేల, ఆకుల కింద, రాతి పగుళ్లు, తల ఎత్తు దాకా కొమ్మలు. టార్చిని కణతల పక్కన పెట్టుకుని చూస్తే కప్పల కళ్లు మెరుస్తాయి, సాలెపురుగుల కళ్లు కూడా మెరుస్తాయి. తేడా పట్టడానికి నాకు కొన్ని రాత్రులు పట్టింది. నిద్రపోతున్న తొండలు కొమ్మ చివరన పాలిపోయిన రంగులో కనిపిస్తాయి. పగలు పక్కనుంచి పోయినా కనపడని ఊసరవెల్లి రాత్రి టార్చి వెలుగులో తెల్లగా తేలిపోతుంది. వెతకడానికి ఏ జీవికి ఏ వేళ మంచిదో అప్పుడు బోధపడింది. పగటిపూట అదే దారిలో రాతి తొండలు, నలికిరి పాములు. రాత్రి బల్లులు, కప్పలు, వేటకు బయల్దేరే పాములు. ఒక్కపూటే సర్వే చేసి ఆ చోటంతా తెలిసిందనుకోవడానికి వీల్లేదు.

మాకు దారి చూపడానికి దగ్గరి యానాదుల కాలనీ నుంచి ఒక పెద్దాయన వచ్చేవాడు. పొలం గట్ల మీద ఎలుకల్ని పట్టే పనిలోనే ఆయన జీవితమంతా గడిచింది. నేను తాతా అనేదాన్ని, ఆయన నన్ను పాపా అనేవాడు. బొరియ చూడగానే చెప్పేవాడు. మూతి దగ్గర తాజా మట్టి పోసి ఉంటే ఎలుక ఉంది. మట్టి పాతబడి, అంచు నున్నగా అరిగి, ఎక్కడో కుబుసం ముక్క అంటుకుని ఉంటే పాము వచ్చిపోతోంది. సాలెగూడు అడ్డంగా ఉంటే ఈ మధ్య ఎవరూ దూరలేదు.

"యాడ చూస్తా ఉండావు పాపా, ఆడ కాదు. ఆ రాయి నీడ చూడు."

చూస్తే అక్కడ రాతి రంగులోనే కలిసిపోయిన బల్లి. మేం ముగ్గురం దాని పక్కనుంచే దాటి వచ్చాం.

సర్వేలో ఇది మంచి విషయమే అని నేననుకున్నాను, ఎక్కువ జీవులు దొరుకుతున్నాయి కదా అని. మేడమ్ మాత్రం తాత చూపించినవన్నీ వేరే గడిలో రాయించారు. కారణం చెప్పకుండా, మర్నాడు ఒక అభ్యాసం పెట్టారు. తాడుతో హద్దు కట్టిన కంపచెట్ల స్థలంలో, రంగులు పూసిన రబ్బరు బల్లుల్ని ఆవిడే ముందుగా దాచారు. జట్లన్నీ సమానమైన సేపు వెతకాలి. ఒక్క జట్టూ అన్నింటినీ పట్టుకోలేదు. జట్టుకూ జట్టుకూ లెక్క కలవలేదు. తాత ఒక్కడే వెతికినప్పుడు మా అందరికంటే ఎక్కువ దొరికాయి, ఆయనకూ కొన్ని తప్పాయి.

స్థలం ఒకటే, బల్లులు అవే. మారింది చూసే కన్ను. ఈ ఏడాది తాతతో సర్వే చేసి, ఐదేళ్ల తర్వాత ఆయన లేకుండా చేస్తే బల్లులు సగానికి పడిపోయాయని నివేదిక వస్తుంది. నిజానికి తగ్గింది తాత ఒక్కడే. ఆయన చూపుకు విలువ ఇవ్వడమంటే ఆయన చూసినవాటిని ఆయన పేరు మీద, ఆయన వెతికిన గంటలతో విడిగా రాయడమే. శిక్షణ మొత్తంలో నాకు అన్నింటికంటే లోతుగా దిగిన పాఠం ఇది. ఇలాంటి సర్వేల్లో స్థానికుల్ని కూలి ఇచ్చి తీసుకుపోతారు, వాళ్ల కళ్లతో చూసినదాన్ని తమ జాబితాలో కలిపేసుకుంటారు. అది అన్యాయం మాత్రమే కాదు, లెక్క కూడా చెడుతుంది.

ఈ చిక్కుకు శాస్త్రం ఒక దారి వెతికింది. చాలా చోట్లు ఎంచుకుని, ఒక్కో చోటికి మళ్లీ మళ్లీ వెళ్లి, ప్రతిసారీ కనిపించిందా లేదా అని ఒకటి, సున్నా వేసుకుంటారు. ఉన్న జీవి కంటపడే అవకాశం ఎంతో ఆ వరుస నుంచే అంచనా కట్టొచ్చు. అప్పుడు కనిపించని చోట్లలో ఎన్నింట్లో నిజానికి ఉండి ఉంటుందో కూడా లెక్క తేలుతుంది. డారిల్ మెకెంజీ, ఆయన తోటివాళ్లు 2002లో ఈ పద్ధతిని ప్రచురించారు. అందుకే మా షీట్లలో సున్నాకు అంత మర్యాద. ఒక రాత్రి కొండ దిగువన వెతికిన గంటంతా ఏమీ కనపడలేదు. ఆ కాగితాన్ని మిగతావాటి పక్కనే, అంతే జాగ్రత్తగా ఫైల్లో పెట్టాం.

లేదనడానికీ కనపడలేదనడానికీ ఎంత దూరమో చెప్పడానికి ఈ కొండల్లోనే ఉదాహరణ ఉంది. నెల్లూరు, కడప ప్రాంతాల్లో జెర్డన్ వల్లే వెలుగులోకి వచ్చిన కలివికోడి 1900 తర్వాత ఎవరికీ కనపడలేదు. అంతరించిందనే అనుకున్నారు. 1986లో కడప వైపు అడవుల్లో మళ్లీ దొరికింది. రాత్రి తిరిగే పక్షి అది.

ఐదు మీటర్ల చదరాన్ని తాడుతో కట్టి నాలుగు వైపుల నుంచి లోపలికి ఆకులు తిరగేస్తూ పోవడం, నేల మీద పోయేవి వచ్చి పడేలా నేలలో బకెట్లు పాతి పక్కన అడ్డంగా ప్లాస్టిక్ తడిక కట్టడం కూడా చూపించారు. బకెట్ల పద్ధతి నాకు అంతగా మనసుకు పట్టలేదు. అడుగున రంధ్రాలు ఉండాలి, తడిగుడ్డ ఉండాలి, తెల్లవారేలోగా వెళ్లి చూడాలి, లేకపోతే లోపల పడ్డదాన్ని చీమలు తినేస్తాయి. అనుమతీ, మనుషులూ, ఓపికా ఉన్న పెద్ద బృందాలకు అది తగిన పని.

వాన పడిన రాత్రి చెరువు దగ్గరికి వెళ్లడం మాత్రం ఎంత చెప్పినా తీరదు. వాయుగుండం ప్రభావంతో మధ్యాహ్నం నుంచి కుండపోతగా కురిసి, సాయంత్రానికి తెరిపిచ్చింది. "ఈ రేత్రి చూడు, ఇసక కిందివన్నీ లేచొస్తాయి" అన్నాడు తాత. చెరువు చేరాక లైట్లు ఆర్పేసి రెండు నిమిషాలు కదలకుండా నిలబడాలి, మన అడుగుల చప్పుడుకు ఆగిన కప్పలు మళ్లీ మొదలెట్టేదాకా. ఆ తర్వాత పది నిమిషాలు వినడమే పని. ప్రతి జాతికీ విడిగా ఒక అంకె. ఒక్కోటీ విడివిడిగా లెక్కపెట్టగలిగితే ఒకటి. కొన్ని అరుపులు ఒకదాని మీద ఒకటి పడుతున్నా ఇంకా విడదీయగలిగితే రెండు. ఎడతెగకుండా అంతా కలిసిపోతే మూడు. ఏమీ వినపడకపోతే సున్నా.

మొదట చెవికి అంతా ఒకే హోరు. నెమ్మదిగా పొరలు విడిపోతాయి. లోతు నీళ్ల వైపు నుంచి బోదురు కప్పల బొంగురు గొంతు. ఈ రోజుల్లో వాటి మగవి పసుపు పచ్చగా మారి, గొంతుకు రెండు పక్కలా నీలం తిత్తులు ఉబ్బిస్తాయి. పొద్దున చూస్తే ఇది రోజూ చూసే కప్పేనా అనిపిస్తుంది. గట్టు పక్కన గడ్డిలో గరగరమని ఆగకుండా సాగేది మైక్రోహైలా ఆర్నేటా, బొటనవేలి గోరు కంటే కాస్త పెద్దది, అంత చిన్న ఒంట్లోంచి అంత శబ్దం. గట్టు మీది చెట్ల నుంచి తలుపు తట్టినట్టు టక్ టక్‌మని ఆగి ఆగి వచ్చేది చెట్టుకప్ప, పాలిపెడేటస్ మాక్యులేటస్. నీటి మీదికి వంగిన ఆకులకు అది పెట్టే నురగ గూళ్లు మర్నాడు వెలుగులో చూశాం. గుడ్లు ఆ నురగలో తడారకుండా ఉండి, తోకకప్పలై కింద నీళ్లలోకి జారిపడతాయి. ఏడాదిలో ఎక్కువ కాలం నేలలోపలే ఉండి, చెదపురుగులు తిని బతికే యూపెరోడాన్ కప్పలు కూడా ఆ రాత్రి పైకొచ్చాయి. వాన వెలిసిన రెండు మూడు రాత్రుల తర్వాత అదే చోటికి వెళ్తే వాటి జాడ లేదు. ఆ ఒక్క రాత్రి వెళ్లకపోతే ఆ చెరువుకు ఆ కప్ప లేదనే రాసేవాళ్లం.

ఫోనులో అరుపులు రికార్డు చేసి, షీటు నంబరు చెప్పి ఆపేవాళ్లం. తర్వాత ఎవరైనా విని మేం వేసిన అంకె సరైనదో కాదో చూడొచ్చు. ఫొటోలకూ ఇలాగే ఒక క్రమం ఉంది: పైనుంచి, పక్కనుంచి, పొట్ట, వెనక కాలి వేళ్ల మధ్య పొర, పక్కన స్కేలు. అయినా అన్నింటికీ పేరు తేలదు. మళ్లలో దొరికే మినర్వేరియా కప్పల్ని రూపం చూసి ఏ జాతో చెప్పడం నిపుణులకే కష్టం, అరుపులూ డీఎన్‌ఏ కావాలి. అలాంటి చోట ప్రజాతి పేరు దగ్గరే, అంటే దగ్గరి జాతులన్నింటికీ కలిపి ఉండే పేరు దగ్గరే, ఆగిపోవాలి. మా జట్టులో ఒకబ్బాయికి ఇది మింగుడుపడలేదు, పుస్తకంలో దగ్గరగా ఉన్న పేరు రాద్దామన్నాడు. మేడమ్ ఒప్పుకోలేదు. ఊహించి రాసిన పేరు ఒకసారి షీటు మీదికి ఎక్కితే అది ఎప్పటికీ నిజంగా చలామణీ అవుతుంది.

భారతదేశంలో 400కు పైగా ఉభయచర జాతులున్నాయి. పరిశోధన ఎక్కువగా పడమటి కనుమల చుట్టూ సాగింది. తూర్పు కనుమలకు, అందులోనూ వాటి దిగువన ఉన్న చెరువులకు, మాగాణికి దక్కింది తక్కువ. ఇక్కడేమో మార్పు వేగంగా జరిగిపోతోంది. తీరం వెంబడి ఎన్నో మళ్లు రొయ్యల గుంటలయ్యాయి. ఉప్పునీటిని ఓర్చుకునే కప్పలు చాలా తక్కువ. పురుగుమందుల సంగతి, చెరువుల్లో పూడిక సంగతి అందరికీ తెలిసిందే. అంతకు ముందు విదేశాలకు కప్పకాళ్ల ఎగుమతి ఉండేది, 1987లో దేశమంతా నిషేధించారు. వీటిలో ఏది ఎంత నష్టం చేసిందో చెప్పాలంటే ప్రతి చోటా ముందు ఒక లెక్క ఉండాలి. గుంట తవ్వాక వెళ్లి లెక్కపెడితే ఏం పోయిందో తెలియదు.

శిక్షణ అయ్యాక మేం కొందరం మా ఊళ్ల చెరువులు పంచుకున్నాం. నాకు వచ్చినవి కోవూరు వైపువి: ఒకటి వరి మళ్ల మధ్యలో, ఒకటి రొయ్యల గుంటలకు ఆనుకుని. వాన పడిన మర్నాటి రాత్రి, అదే గట్టు, అవే పది నిమిషాలు, అవే అంకెలు. ఊరి పంచాయతీకి ముందే చెప్పి, ఒక్కదాన్నే కాకుండా మా తమ్ముణ్ణి తోడు తీసుకుని వెళ్తున్నాను. కప్పల్ని పట్టను, ముట్టుకోను, విని రాసుకుంటానంతే. రెండు చెరువులకూ ఇంకా పోలిక చెప్పేంత సమాచారం లేదు, కొన్నేళ్లు పోగయ్యాకే చెప్పాలి. షీట్లు ఒక ప్రతి నా దగ్గర, ఒకటి మేడమ్ దగ్గర ఉంటాయి. జిల్లాలో ఇంకెవరైనా తమ చెరువు కూడా కలుపుతామంటే అక్టోబరు మొదటి వానకు ముందే చెరువు గట్టు పగటిపూట ఒకసారి చూసుకుని, ఎక్కడ నిలబడాలో గుర్తు పెట్టుకోండి. ప్రతిసారీ అక్కడే నిలబడాలి.